బ్రౌను దొర

పెద్దవాడవైన పిమ్మట ఏమి కాదలచితివని పెద్దలు బాలురను అడుగుచుందురు. కొందఱు వెంటనే బదులు చెప్పుదురు. కొందఱు తల వంచుకొని ఊరకుందురు. ఊరకున్నవారికి లక్ష్యము లేదని తొందరపడి నిర్ణయింపరాదు. కొందఱికి త్రోవ ముందుగనే కనబడును. మఱికొందఱికి నడువగా నడువగా కనబడును. ఉద్యోగమునకై వచ్చిన సీమలో, ఉద్యోగమునకై నేర్చిన భాషలో తన జీవితమునకు దారి కనుగొనిన ఒక మహనీయుని చరిత్రను ఈ పాఠమున తెలిసికొందము. ఆయన పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగువారికి ఆయన బ్రౌను దొర.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, గొప్ప పండితుడు. కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాల నిర్వహణమునందు ఆయనకు ముఖ్యస్థానము ఉండెను. ఆ యింట పలుభాషల పుస్తకములు, పలుభాషల పండితులు కొఱతలేక యుండిరి. తండ్రి తన కుమారునకు ప్రాచీన భాషలను స్వయముగా నేర్పెను. ఈ విధముగా భాషలయందలి ఆసక్తి బ్రౌనునకు ఇంటనే అలవడెను. అయినను ఆ ఆసక్తి ఏ భాషవైపు మరలునో, దానివలన ఏ కార్యము నెఱవేఱునో అప్పుడెవ్వరును ఎఱుగరు.

1812వ సంవత్సరమున తండ్రి మరణించెను. అప్పటికి బ్రౌనునకు పదునాలుగేండ్లయినను నిండలేదు. కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచ్చట హెయిలీబరీ అను ఊరిలో ఈస్టిండియా కంపెనీవారికి ఒక కళాశాల ఉండెను. కంపెనీ కొలువులో చేరి హిందూదేశమునకు రాదలచిన యువకులకు అందు శిక్షణము ఇచ్చెడివారు. తండ్రిలేని బాలునకు కంపెనీ కొలువు గౌరవప్రదమైన జీవనోపాధి. బ్రౌను ఆ కళాశాలలో చదివి, ఓడ యెక్కి, 1817వ సంవత్సరము ఆగస్టు నెలలో మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిదేండ్లు.

మద్రాసునకు వచ్చిన క్రొత్త ఉద్యోగులు కొంతకాలము సెయింటు జార్జి కోటకు సంబంధించిన కళాశాలలో దేశభాషలను అభ్యసింపవలసి యుండెను. పరీక్షలో నెగ్గినవారికే జిల్లాలలో ఉద్యోగము లభించును. బ్రౌను అచ్చట వెలగపూడి కోదండరామ పంతులు గారికడ తెలుగు నేర్వసాగెను. ఇంగ్లీషువారు తెలుగు నేర్చుకొనుటకు అప్పుడు తగిన సాధనములు మిక్కిలి తక్కువ. కాంబెల్ అను ఉద్యోగి రచించిన వ్యాకరణము 1816లో వెలువడి యుండెను. ఆయన నిఘంటువు 1821లోగాని రాలేదు. బ్రౌను కష్టించి చదివి 1820లో పరీక్ష నెగ్గెను. మద్రాసు గవర్నరుగా సర్ థామస్ మన్రో నియమింపబడినది ఆ యేటనే. ప్రజల భాష తెలియనివాడు ప్రజలను పాలింపజాలడని మన్రో దృఢముగా నమ్మినవాడు. ఆ అభిప్రాయము యువకుడగు బ్రౌను మనస్సున నాటుకొనెను. అయినను అప్పటికి తెలుగు ఆయనకు ఉద్యోగమునకు ఒక మెట్టు మాత్రమే.

1820వ సంవత్సరము ఆగస్టులో బ్రౌను కడపలో కలెక్టరునకు సహాయకుడుగా నియమింపబడెను. అచ్చట ఆయనకు అసలైన పాఠము ఆరంభమయ్యెను. రైతు తన మొఱను తెలుగున చెప్పుకొనును. కరణము లెక్కను తెలుగున వ్రాయును. సాక్షి తాను చూచినదానిని తెలుగుననే చెప్పును. పరీక్షకు చదివిన తెలుగు వేఱు. కచేరీ వాకిట వినబడు తెలుగు వేఱు. తనకు తెలియని మాట వినబడినప్పుడు దాని అర్థమును బ్రౌను అడిగి తెలిసికొనెడివాడు. ప్రతిదినము వినబడుచున్న ఆ మాటలలో అనేకములకు నిఘంటువులలో చోటులేదు.

1822లో ఆయనకు బందరునకు బదిలీ అయ్యెను. కడపలోను బందరులోను ఆయన పేదబాలురకై ఉచిత పాఠశాలలను నెలకొల్పి, వాని వ్యయమును తానే భరించెను. తెలుగు కావ్యములను చదువవలెనను కోరిక ఈ కాలముననే ఆయనకు బలపడెను. కాని అది సులభసాధ్యము కాదు. కావ్యములు అచ్చుపడి యుండలేదు. తాటాకులపై గంటముతో వ్రాసిన ప్రతులే ఆధారము. ఆ తాటాకులను పురుగు తినును. చెమ్మ తగిలి అవి చీకిపోవును. అందుచే కొంతకాలమునకు ఒకసారి వానిని చూచి క్రొత్త ఆకులపై మరల వ్రాయవలెను. వ్రాయువాడు ఒకచోట అక్షరము విడుచును. ఇంకొకచోట తనకు తోచిన పదము చేర్చును. ఒక పద్యమునకు నాలుగు ప్రతులున్నచో నాలుగు పాఠములు కనబడును. తిరిగి వ్రాయు నాథుడు లేని గ్రంథము తాటాకుతోపాటే మన్నగును.

1824వ సంవత్సరమున ఒక చిన్న సంఘటనము జరిగెను. దుబాయ్ అను ఫ్రెంచి మతాచార్యుడు హిందువుల ఆచారములనుగూర్చి ఒక గ్రంథము వ్రాసియుండెను. దానిని చదువుచుండగా అందు వేమనకవి ప్రస్తావన బ్రౌను కంటబడెను. ఆ కవి పద్యములు ఎచ్చట దొరకునని ఆయన విచారించెను. అప్పటి పండితులలో పలువురకు వేమనపై ఆదరము లేదు. ఆ పద్యములు పామరులు పాడుకొనునవి, పెద్దలు పఠింపదగినవి కావు అని వారి తలంపు. బ్రౌనునకు ఇది వింతగా తోచెను. పండితులు మెచ్చని కవిని పల్లెవారు నోటనుంచుకొని కాపాడుచున్నారు. అట్టి కవిత్వములో ప్రజల మనస్సు దాగి యుండవలెనని ఆయన తలంచెను.

నాటినుండి ఆయన వేమన పద్యముల ప్రతులకై పలుచోట్ల వెదకించెను. ఒక్కొక్క ప్రతి వచ్చినకొలదియు చిక్కు పెరిగెను. ఒకదానిలో ఉన్న పద్యము మఱియొకదానిలో లేదు. ఉన్నదానియందును పదములు వేఱు. ఆయన ప్రతులన్నిటిని ఎదురెదుర ఉంచి, పద్యమునకు పద్యము పోల్చి, ఉచితమని తోచిన పాఠమును నిర్ణయించి, ఇంగ్లీషున అనువదించెను. ఈ పని పగటివేళ చేయుటకు వీలులేదు. పగలు కచేరీకి చెందినది. కచేరీ ముగిసిన పిమ్మట మిగిలిన కాలమే తెలుగునకు మిగిలెను. ఇట్లు అయిదేండ్లు శ్రమింపగా, 1829లో వేమన పద్యములు ఆయన ఇంగ్లీషు అనువాదముతో మద్రాసున అచ్చుపడెను. అందు 693 పద్యములు కలవు. తరువాత 1839లో ఆయన ఇంకను పెద్ద సంపుటమును ప్రకటించెను. వేమనకై వెదకుచుండగా బ్రౌనునకు తన జీవితమార్గము దొరకెను. కంపెనీ ఆయనకు ఉద్యోగము ఇచ్చెను. ఈ కార్యమును మాత్రము ఎవ్వరును ఇయ్యలేదు. దానిని ఆయనయే ఎన్నుకొనెను.

1826లో బ్రౌను మరల కడపకు వచ్చెను. అచ్చట విశాలమైన తోటతో కూడిన ఒక బంగళాను కొని, దానిని పండితులకు కార్యస్థానముగా చేసెను. ప్రజలు దానిని బ్రౌను కాలేజీ అని పిలుచుచుండిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డి మొదలగువారు అచ్చట పనిచేసిరి. ఊరూరినుండి తాటాకుప్రతులు వచ్చుచుండెను. లేఖకులు వానిని కాగితములపై ఎక్కించుచుండిరి. పండితులు ప్రతిని ప్రతితో సరిచూచి, పాఠభేదములను గుర్తించి, కఠినపదములకు అర్థములు వ్రాయుచుండిరి. వీరందఱకును నెలనెలా జీతము ఇచ్చువాడు బ్రౌను. ఆ ధనము ప్రభుత్వముది కాదు, ఆయన సొంతము.

సీమనుండి వచ్చిన ఉద్యోగులు పలువురు ఇచ్చట ధనము కూడబెట్టి స్వదేశమునకు పోయి సుఖముగా నుండవలెనని కోరెడివారు. బ్రౌను జీతము తాటాకులకు, కాగితములకు, పండితుల జీతములకు సరిపోవుచుండెను. చాలనప్పుడు అప్పుచేసెను. తాను ఏరుకొన్న త్రోవకు తానే సుంకము చెల్లింపవలసి వచ్చినను ఆయన వెనుదీయలేదు.

అంతలో కష్టకాలము దాపురించెను. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను భయంకరమైన క్షామము పీడించెను. ప్రజలు దానిని డొక్కల కరవని పిలిచిరి. వేలకొలది జనులు ఆకలిచే మరణించిరి. వేలకొలది ఊళ్లు విడిచిపోయిరి. బ్రౌను ఆ దుఃస్థితిని కన్నులార చూచెను. పై అధికారులకు అది కొఱత యనిన సరిపోవును. బ్రౌను మాత్రము కరవును కరవనియే వ్రాసెను. ఆయన స్వభావమున మెత్తదనము తక్కువ. తనకు నిజమని తోచినదానిని మొగముపై చెప్పెడివాడు. పై అధికారులతో భేదములు పెరిగెను. తుదకు 1834లో ఆయన ఉద్యోగము పోయెను.

విద్యార్థులు ఇచ్చట క్షణము ఆగి ఆలోచింపవలెను. అప్పుడు బ్రౌను వయస్సు ముప్పదియైదేండ్లు దాటెను. పదునేడేండ్ల కొలువు ఒక్కసారిగా జారిపోయెను. కూడబెట్టిన ధనము లేదు. మొదలుపెట్టిన నిఘంటువు ముగియలేదు. సేకరించిన గ్రంథములలో అచ్చయినవి కొన్నియే. తెలుగువలన ఆయనకు మిగిలినది ఖర్చు మాత్రమే యని లోకము అనుకొనినచో ఆశ్చర్యము లేదు. ఉద్యోగమునకై నేర్చిన భాషయే అయినచో, ఉద్యోగముతోపాటు దానిని విడిచివేయవచ్చును. బ్రౌనునకు తెలుగు నిజముగా ఏమగునో తేలవలసిన సమయము అది.

ఆయన లండను నగరమునకు పోయెను. అచ్చట కంపెనీవారి ప్రధాన కార్యాలయమున ఒక గ్రంథాలయము ఉండెను. బ్రౌను అందు వెదకుచుండగా దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా కనబడెను. అవి డాక్టరు లేడెన్ అను విద్వాంసుడు సేకరించినవి. ఆయన మరణానంతరము అవి సీమకు చేరి, చదువువారు లేక పడియుండెను. లండనులో వానిని చదువగలవారు ఎందఱు? వాని స్థానము మద్రాసు అని బ్రౌను నిశ్చయించుకొనెను. అధికారులను పదేపదే కోరి, ఆ గ్రంథములు మద్రాసునకు పంపబడునట్లు చేసెను. జీతము లేని దినములలో, తెలుగు వినబడని నగరమున ఆయన చేసిన పని ఇది. కొలువు పోయినను త్రోవ పోలేదు.

1838 నాటికి బ్రౌను తిరిగి కంపెనీ కొలువులో మద్రాసునకు వచ్చెను. మొదట పర్షియను భాషకును, పిమ్మట తెలుగునకును ప్రభుత్వ అనువాదకుడుగా పనిచేసెను. కొంతకాలము పోస్టుమాస్టరు జనరల్ పదవియందును ఉండెను. పదవులు మాఱుచుండెను, కాని సాయంకాలమున తెరచెడి గ్రంథములు మాఱలేదు. 1840లో ఆయన రచించిన తెలుగు వ్యాకరణము వెలువడెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితుల సాయముతో వసుచరిత్ర, మనుచరిత్ర వంటి కావ్యములు పరిష్కరింపబడి వ్యాఖ్యలతో అచ్చుపడెను. తాతాచారి యను ఆయన చెప్పిన కథలను, చెప్పినది చెప్పినట్లు వాడుకమాటలలో వ్రాయించి ప్రకటించెను. తాను సేకరించిన వ్రాతప్రతులను 1845లో మద్రాసు సాహిత్యసంఘమునకు ఇచ్చివేసెను. వానిని అమ్మి అప్పులు తీర్చుకొనవలెనని ఆయనకు తోచలేదు.

ఆయన శ్రమకు శిఖరము నిఘంటువు. తెలుగు పదములకు ఇంగ్లీషున అర్థములు చెప్పు ఈ మహాగ్రంథము 1852లో ప్రచురింపబడెను. ఇరువదియేండ్లకు మించిన కృషి అందు ఇమిడి యున్నది. పూర్వ నిఘంటువులు చాలవఱకు కావ్యములలోని పదములకే చోటిచ్చెను. బ్రౌను నిఘంటువులో కవి ప్రయోగించిన పదముతోపాటు కాపు, కుమ్మరి, సాలె, కోమటి పలుకు పదమునకును పీట వేయబడినది. పదమునకు అర్థము చెప్పి ఊరకుండక, అది ప్రయోగింపబడు తీరును ఉదాహరణములతో చూపెను. ఇంగ్లీషు పదములకు తెలుగున అర్థములు చెప్పు మఱియొక నిఘంటువును, కచేరీ కాగితములలో తెలుగుతో కలసిపోయిన అన్యభాషాపదములకు ఒక మిశ్రభాషా నిఘంటువును గూడ ఆయన సిద్ధము చేసెను. కడప కచేరీ వాకిట తనకు తెలియక అడిగిన మాటలను ఆయన మఱచిపోలేదు.

బ్రౌను లోపములు లేనివాడు కాడు. ఆయన పాలకులలో ఒకడు. పాలకుల దృష్టి కొన్నియెడల ఆయన వ్రాతలలో కనబడును. కోపము త్వరగా వచ్చును. మన కవుల శృంగారవర్ణనలను, పండితుల పద్ధతులను ఆయన కొన్నిచోట్ల కఠినముగా విమర్శించెను. ఆ విమర్శలన్నియు న్యాయములు కావు. ఇంకొక విషయము గుర్తుంచుకొనవలెను. ఈ కార్యమును ఆయన ఒంటరిగా చేయలేదు. తాటాకులను దాచిన గృహస్థులు, వానిని చదివి చెప్పిన పండితులు, రాత్రింబగళ్లు వ్రాసిన లేఖకులు లేనిచో ఆయన ఏమియు చేయజాలకుండెను. వారిలో పలువుర పేర్లు నేడు మనకు తెలియవు. బ్రౌను గొప్పదనము వారందఱను ఒకచోట చేర్చుటయందును, చేర్చిన పనిని చివరవఱకు విడువకుండుటయందును ఉన్నది.

ఆరోగ్యము తగ్గుటచే బ్రౌను ఉద్యోగము మాని 1855లో లండనునకు తిరిగిపోయెను. అచ్చటను విశ్రాంతి కోరలేదు. కొంతకాలము లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నుండెను. తన సాహిత్యజీవితమును సంగ్రహముగా వ్రాసి ప్రకటించెను. 1884వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియాఱేండ్ల వయస్సున ఆయన లండనులోనే కన్నుమూసెను.

ఆయన పని ఆయనతో ముగియలేదు. నిఘంటువు 1903లో సవరింపబడి మరల వెలువడెను. ఆ సవరణలో కందుకూరి వీరేశలింగము పంతులుగారును పాల్గొనిరి. నేటికిని తెలుగు పదమునకు అర్థము వెదకువారు ఆ నిఘంటువును తెరచుచున్నారు. బ్రౌను సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్టణములోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున భద్రముగా ఉన్నవి. కడపలో ఆయన బంగళా శిథిలమైపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగు సాహిత్యాభిమానుల కృషిచే ఆ స్థలముననే ఆయన పేర ఒక గ్రంథాలయము వెలసెను. అది తరువాత భాషాపరిశోధన కేంద్రమై యోగి వేమన విశ్వవిద్యాలయమున చేరెను. ఒకనాడు పండితులు పట్టించుకొనని కవి పేర విశ్వవిద్యాలయము వెలయుట, ఆ కవికై వెదకినవాని స్మారకము దాని నీడను నిలుచుట ఎంతయు ఉచితముగా నున్నది.

బాలబాలికలారా! బ్రౌనునకు త్రోవ చూపుటకు ఆకాశమున ఏ నక్షత్రమును ఉదయింపలేదు. ఆయన తనకు అప్పగించిన పనిని మనస్సుపెట్టి చేసెను. చేయుచుండగా అందు ఒక కొఱత కనబడెను. ఆ కొఱత తీర్చువారు ఎవ్వరును లేరని తెలిసినప్పుడు అది తన పని యని ఎంచెను. దానికై తన ధనమును, తన తీరికను వెచ్చించెను. జీవనోపాధి పోయినప్పుడు గూడ దానిని విడువలేదు. మీలో కొందఱికి మీ త్రోవ ఇప్పటికే కనబడి యుండవచ్చును. కొందఱికి ఇంకను కనబడకపోవచ్చును. కనబడలేదని దిగులుపడకుడు. చేతనున్న పనిని శ్రద్ధతో చేయుడు. చేయునప్పుడు చుట్టును కన్నులు తెరచి చూడుడు. ప్రతిఫలము లేకున్నను విడువబుద్ధి పుట్టని పని ఒకటి ఎదురుపడినచో, అది మీ త్రోవ యేమో యని నిలిచి ఆలోచింపుడు.